ఎనిమిది జిల్లాలకు రెండే ఓట్లు

ఉప్పల్ టికెట్ల లొల్లి మీరంతా ఫోన్లల్ల చూసే ఉంటరు. 2025 మార్చిల ఐపీఎల్ నడుస్తున్నప్పుడు, ఫ్రీ టికెట్ల కోసం హైదరాబాద్ క్రికెట్ అసోసియేషనోళ్లు సతాయిస్తున్నరని సన్‌రైజర్స్ లేఖ రాసింది. మ్యాచ్ ముంగట ఒక బాక్సుకు తాళమేసిన్రని, గిట్లనే ఉంటే వేరే ఊరు చూసుకుంటమని కూడా అన్నది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి విజిలెన్స్ విచారణకు ఆదేశించిండు. జులై 9న సీఐడీ అప్పటి అధ్యక్షుడు జగన్‌మోహన్‌రావును, ఇంకొందరిని అరెస్టు చేసింది. టీవీలల్ల అంతా టికెట్ల ముచ్చటే. నాకైతే అందులో టికెట్లే చిన్న సంగతి అనిపిస్తది. సీఐడీ కేసుల ఇంకోటున్నది. అది ఓటు ముచ్చట.

అసోసియేషన్ ఎన్నికలల్ల నిలవడాలంటే ముందుగాల అందులో ఓటుండాలె. శ్రీచక్ర అనే క్లబ్బు పేరు మీద దొంగ కాగితాలు పుట్టిచ్చి ఆయన ఎన్నికలల్లకు వచ్చిండని ఆరోపణ. ఫిర్యాదు చేసింది తెలంగాణ క్రికెట్ అసోసియేషన్. నిజమా అబద్ధమా కోర్టుల తేలాలె, మనం తీర్పు చెప్పొద్దు. కానీ లెక్క చూడుర్రి: 2023 అక్టోబర్ 20 నాటి ఎన్నికల ఆయనకు 63 ఓట్లు, ఎదుటాయనకు 62. ఒక్కటంటే ఒక్క ఓటు తేడా!

మొత్తం ఓట్లెన్నో తెలుసా? 173. సర్పంచి ఎన్నికల మా ఊర్ల ఒక్క వార్డుకే అంతకంటే ఎక్కువుంటయి. అందులో పట్నం క్లబ్బులయే వంద దాటినయి. కంపెనీలు, బ్యాంకుల అసుంటి సంస్థలయి కొన్ని, పాత అంతర్జాతీయ ఆటగాండ్లయి కొన్ని. జిల్లాలన్నిటికి కలిపి తొమ్మిది. అంటే పాత నల్లగొండకు ఒకటి, పాత మహబూబ్‌నగర్‌కు ఒకటి. ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి మూడు జిల్లాలు. అటు పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ఐదు. కలెక్టర్లు ఎనిమిది మంది వచ్చిన్రు. క్రికెట్ల ఓట్లు మాత్రం రెండే.

అప్పటికే ఈ క్లబ్బుల ఓట్ల లెక్క కంపు లేసింది. 2023 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు పాత కమిటీని రద్దు చేసి, రిటైర్డ్ జడ్జి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును పెట్టింది. ఒక్కరే, లేకుంటే ఒకే ఇంటోళ్లు, ఒకటికంటే ఎక్కువ క్లబ్బులు చేతుల పెట్టుకున్నరని ఆయన 57 క్లబ్బులకు ఓటు లేకుండ చేసిండు. అవన్నీ పక్కకు పెట్టినంకనే ఆ 173.

ఓటుతోని మనకేం పని అంటరా? క్లబ్బంటే ఒట్టి ఓటు కాదు. హైదరాబాద్ లీగుల ఆడేది క్లబ్బులే. లీగుల పరుగులు కొడితేనే సెలెక్టర్ల కంట్ల పడుతరు, అక్కడినుంచే రంజీ. మా దేవరకొండ దిక్కు ఎండిన చెరువుల టేపు చుట్టిన టెన్నిస్ బాలుతోని ఆడే పోరలు ఉన్నరు. చేతికి బాలొస్తే ఎదుటోని కాళ్లు వణుకుతయి. వాళ్లల్ల ఎంతమందో డ్యూస్ బాలు పట్టుకోకుండనే పెండ్లీలు చేసుకొని ఆటోలు తోలుతున్నరు. లీగు ఆడాలంటే పట్నంల రూమో, చుట్టాల ఇల్లో ఉండాలె. క్లబ్బోళ్లను పట్టుకోవాలె. కిట్టు ఖర్చు మళ్లీ వేరే.

గొంగడి త్రిషను చూడుర్రి. 2025 ఫిబ్రవరిల అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్పుల 309 పరుగులు కొట్టి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయింది. సొంతూరు భద్రాచలం. బిడ్డ ఆట కోసం ఆమె నాయిన సికింద్రాబాద్‌కు మకాం మార్చిండు. మారకుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండ్రి. అట్ల మారగలిగే నాయినలు మన దిక్కు ఎంతమంది ఉన్నరు?

పైసలు లేవంటే ఒప్పుకోవచ్చు. 2023 నుంచి 2027 దాక ఐపీఎల్ టీవీ, ఆన్‌లైన్ హక్కులే 48,390 కోట్లకు అమ్ముడువోయినయి. బీసీసీఐ నుంచి రాష్ట్ర సంఘాలకు వాటా వస్తది. ఆ వాటా ఏడ పెట్టాలన్నది ఓట్లతోని గెలిచినోళ్లు చెప్తరు. ఓట్లు ఏడుంటే గ్రౌండ్లు ఆడనే లేస్తయి. ఇందులో కుట్ర ఏం లేదు, ఉన్నది ఒట్టి లెక్క.

ఇదే ముచ్చట పైన ఒకసారి నడిచింది. మహారాష్ట్రల, గుజరాత్‌ల మూడేసి సంఘాలకు బీసీసీఐల ఓట్లుంటే, ఈశాన్యంల చానా రాష్ట్రాలకు ఓటే లేకుండె. లోధా కమిటీ చెప్పిన ‘ఒక రాష్ట్రం, ఒక ఓటు’ను 2016ల సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. 2018ల ఆ రెండు రాష్ట్రాల పాత సంఘాలకు ఓట్లు తిరిగి ఇచ్చింది గానీ, ఈశాన్యం మాత్రం లోపలికొచ్చింది. రాష్ట్రం లోపల జిల్లాల వాటా ఎంతన్న సవాల్ మాత్రం గట్లనే ఉండిపోయింది.

2025 ఆగస్టుల కేంద్రం క్రీడా పాలన చట్టం తెచ్చింది. సర్కారు పైసలు తీసుకునే సంఘాలకే అందులో సమాచార హక్కు వర్తిస్తది. బీసీసీఐ సర్కారు పైసలు తీసుకోదాయె. అందుకే దరఖాస్తు పెట్టి అడుగుదమంటే ఆ తొవ్వ బందే. మిగిలింది మన జిల్లా సంఘమే. సెలెక్షన్లు ఎప్పుడు, ఎక్కడ, నోటీసు ఏడ అంటించిన్రు, మన పేరు మీదున్న ఆ ఒక్క ఓటు పోయినసారి ఎవరు వేసిన్రు, ఎవరినడిగి వేసిన్రు? ఈ నాలుగు సవాళ్లు ఒక కాగితం మీద రాసి, పది టీముల కెప్టెన్లు సంతకాలు వెట్టి పట్టుకపోతే జవాబు చెప్పక తప్పదు.