కాంక్రీటుకు సూక్ష్మతరంగాల వేడి

కొత్త భవనానికి శ్లాబు వేసిన మరునాడు పైకెక్కి చూచినవారికి ఒక దృశ్యం పరిచితమే. మట్టితో గట్లు కట్టి మడులలో నీరు నిలిపి ఉంచుతారు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి పూటపూటా తడుపుతుంటారు. ఎండి గట్టిపడవలసిన వస్తువును ఇట్లు తడపడమెందుకు? సాహిత్య విద్యార్థినైన నాకు ఈ సందేహం చాలాకాలముండినది.

నిజానికి కాంక్రీటు ఎండి గట్టిపడదు. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయనికంగా కలిసి, జిగురువంటి కొత్త పదార్థమై ఇసుకను, కంకరను బంధిస్తాయి. ఈ జలసంయోగం నిదానంగా సాగే పని. కాంక్రీటు బలాన్ని 28 దినాల తరువాత కొలవడం అందుకే. ఆలోగా నీరు ఆరిపోతే చర్య నడుమ నిలిచిపోతుంది. సాధారణ సిమెంటు వాడినచోట కనీసం 7 దినాలు తడి ఆరనీయరాదని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతున్నది. మా ప్రహరీ స్తంభాలను మేస్త్రీ రెండు దినాలు తడిపి మానివేసినాడు. వేసవి తిరిగేసరికి గోటితో గీకితే పొడి రాలసాగింది.

తడి ఉన్నంతవరకు, వేడి ఈ చర్యను త్వరపెడుతుంది. రైల్వే కాంక్రీటు స్లీపర్లకు కర్మాగారాలలో ఆవిరి పట్టేది ఇందుకే. అయితే ఆవిరి వేడి పైనుండి లోనికి మెల్లగా పాకవలసిందే, కాంక్రీటు మంచి ఉష్ణవాహకం కాదు గదా! సూక్ష్మతరంగాలు ఈ చిక్కును తప్పిస్తాయి. ఇంటి మైక్రోవేవ్ పొయ్యిలో పనిచేసేవి ఇవే. వీటి పౌనఃపున్యం 2,450 మెగాహెర్ట్జ్, అనగా సెకనుకు 245 కోట్ల ఆవృత్తులు. నీటి అణువు ఒక కొసన ధనావేశం, మరొక కొసన ఋణావేశం కలది. తరంగంలోని విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా అదీ తిరుగబోతుంది. ఆ ఒరిపిడిలో వేడి పుడుతుంది. తరంగాలు చొచ్చినంత లోతువరకు, నీరున్న ప్రతిచోటా వేడి అక్కడికక్కడే జనిస్తుందన్నమాట.

మరి వేడికి నీరు ఆవిరైపోదా? కొంత పోతుంది. అది తొలిగంటలలో జరిగితే ఒక మేలు కూడ ఉన్నది. పోత సులువు కావడానికి మనం సిమెంటు అవసరానికి మించి నీరు కలుపుతాము. ముద్ద మెత్తగా ఉండగానే ఆ మిగులునీరు కొంత తొలగితే, అది దగ్గరపడి రంధ్రాలు తగ్గుతాయి. చైనా పరిశోధకులు 1987లోనే ఈ విధానాన్ని గూర్చి పత్రం ప్రకటించారు.

వేడి మితిమీరితే మాత్రం తొలినాటి బలం తరువాత చేటవుతుంది. పసి కాంక్రీటు సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే, ఆదిలో ఏర్పడవలసిన ఎట్రింగైట్ అనే స్ఫటికం అప్పుడు ఏర్పడక, నెలలకో ఏండ్లకో తేమ తగిలి లోపల పెరుగుతుంది. గట్టిపడిన రాతిలో దానికి చోటెక్కడిది? బీటలు వారుతాయి. కనుక కొద్దిసేపు, కొలిచిన వేడే ఇవ్వాలి.

ఇంటి శ్లాబుకు ఈ పద్ధతి పట్టించడం సులభం కాదు. ఇనుప కడ్డీలు తరంగాలను వెనుకకు త్రిప్పికొట్టగా వేడి ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ అవుతుంది. తరంగాలు బయటికి పొక్కకుండ చుట్టూ లోహపు మరుగు కావాలి. కర్మాగారంలో పోతపోసే చిన్న దిమ్మెలకైతే వీలున్నది. అక్కడ కూడ ఉక్కు అచ్చులు పనికిరావు, ప్లాస్టిక్ వంటివాటితో చేసినవే కావాలి.