పట్టుదారము - ప్రపంచ రాజకీయము

అర్థశాస్త్రానికి పూర్వనామం రాజకీయ అర్థశాస్త్రం. ఉత్పత్తి, వినిమయం, పంపిణీ అనే మూడూ రాజ్యశాసనాలతో పెనవేసుకొని ఉంటాయని ఆనాటి పండితులు గ్రహించారు. ఈ సత్యాన్ని తెలుసుకొనుటకు దూరదేశాలకు పోనవసరం లేదు. హిందూపురం, ధర్మవరం, పెనుకొండలే మనకు పాఠ్యగ్రంథాలు.

హిందూపురం మార్కెట్‌కు రైతు పట్టుగూళ్లు తెస్తాడు. రీలర్లు వేలంలో కొని, ఉడికించి, దారం తీస్తారు. అయితే గూళ్ల ధరను నాణ్యత ఒక్కటే నిర్ణయించదు. ముడిపట్టు ఉత్పత్తిలో ప్రపంచాన చైనాది ప్రథమస్థానం, మనది ద్వితీయస్థానం. అందుచేత చైనా పట్టుపై కేంద్రప్రభుత్వం విధించే దిగుమతి సుంకం ఇక్కడి వేలంపాటపై ప్రభావం చూపుతుంది. 2011 బడ్జెట్‌లో ఆ సుంకాన్ని 30 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. 2013లో 15 శాతానికి పెంచారు. ఆపై 10కి దిగిన సుంకం 2021లో మరల 15 శాతమైంది.

సుంకం తగ్గినప్పుడు ధర్మవరం నేతగానికి దారం చౌక అవుతుంది, కాని రైతు గూళ్ల ధర పడిపోతుంది. సుంకం పెరిగినప్పుడు రైతుకు ఊరట కలుగుతుంది, కాని నేతగాని పెట్టుబడి పెరుగుతుంది. మరమగ్గాల పోటీవలన అతడు చీర ధరను వెంటనే పెంచలేడు. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టం ఉన్నా, అమలు కొరవడితే అది కాగితానికే పరిమితం. ఒకే అంకె ఒక శ్రమజీవికి వరం, పొరుగువానికి భారం!

ఇక పెనుకొండ సమీపాన ఎర్రమంచిని చూడండి. దక్షిణ కొరియాకు చెందిన కియా కంపెనీ 2017 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది. ఏటా 3 లక్షల వాహనాల సామర్థ్యంతో తలపెట్టిన ఆ కర్మాగారం నుండి 2019లో కార్లు వెలువడ్డాయి. విదేశాలలో తయారైన కార్లపై మన దేశం భారీ సుంకం విధించుటచేత, ఇక్కడే తయారుచేయడం కంపెనీకి లాభసాటి. భూమి, నీరు, పన్ను రాయితీలతో రాష్ట్రాలు పోటీపడి ఇటువంటి సంస్థలను ఆహ్వానిస్తాయి. ఒప్పందం ఒక ప్రభుత్వ కాలంలో జరిగితే, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం వేరొక ప్రభుత్వ కాలంలో జరిగింది. ప్రభుత్వం మారినా పెట్టుబడి నిలిచింది. అనగా రాజకీయం ఆర్థికాన్ని నడుపుతుంది. స్థిరపడిన ఆర్థికశక్తి తిరిగి రాజకీయాన్ని నడుపుతుంది.

కంపెనీ సంఘటితమైనది కనుక దాని మాట ప్రభుత్వానికి త్వరగా వినబడుతుంది. చెదరి ఉన్న రైతు, నేతగాడు ఆ బలానికి నోచుకోలేదు. రైతును కాపాడే సుంకాన్ని నిలుపుతూ, నేతగానికి దారంపై రాయితీని సక్రమంగా అందించడమే ఉభయతారకం. విద్యార్థులారా! బడ్జెట్ వెలువడిన మరునాడు ఆదాయపు పన్ను వార్తతో ఆగక, సుంకాల పట్టికనూ చదవండి. మన ఇరుగుపొరుగు వారి జీవనం అందులోనే వ్రాయబడి ఉన్నది.