ఫ్లాట్‌లో మాలినోయిస్‌ను పెంచుకోవచ్చా? రూల్స్ ఏం చెబుతున్నాయి?

పోలీసు కుక్కలు గోడలు దూకే వీడియో చూసి బెల్జియన్ మాలినోయిస్ కొనాలని ముచ్చటపడ్డారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్క లెక్క వేసుకోండి. రోజూ రెండు గంటలు దానికి ఇవ్వగలరా?

బెల్జియంలో గొర్రెల మందలు కాయడానికి పెంచిన జాతి ఇది. ఇప్పుడు సీఆర్పీఎఫ్, ఎన్‌ఎస్‌జీలో పనిచేస్తోంది. మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసులూ వీటికి శిక్షణ ఇస్తారు. అక్కడ కుక్కను చూసుకోవడమే హ్యాండ్లర్ డ్యూటీ. అదే కుక్క డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒంటరిగా ఉంటే సోఫా చించుతుంది, తలుపు గీకుతుంది, మొరుగుతూనే ఉంటుంది. పొగరుతో కాదు, పని లేక.

గేటు దాకా తిప్పి తెస్తే సరిపోదు. పరుగు కావాలి, బుర్రకూ పని కావాలి. తిండిని గదుల్లో దాచి వాసన పట్టి వెతకమనండి. పావుగంటకే అలసిపోతుంది. 2018లో జీహెచ్‌ఎంసీ కొండాపూర్‌లో పెట్టిన డాగ్ పార్కు లాంటి చోటు దగ్గరుంటే మీ అదృష్టం. వేసవిలో మాత్రం ఎండెక్కక ముందే తిప్పాలి. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, వ్యాయామం చేయించకపోవడమూ నేరమే. ఎప్పుడూ కట్టేసి, లేదా ఇరుకులో బంధించి ఉంచే కుక్కను సరిగా తిప్పకపోతే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద అది క్రూరత్వం. సరైన కారణం లేకుండా ఆకలికీ దాహానికీ వదిలేసినా అంతే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అవును, యాభయ్యే!

మరి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వద్దంటే? జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం దానికి లేదు. లిఫ్టుకు అదనపు చార్జీ వేయకూడదు. అలాగని పక్క ఫ్లాట్ పిల్లలు భయంతో మెట్లెక్కే పరిస్థితి తేకండి. బయట బెల్టు పట్టుకోండి, మలం మీరే ఎత్తండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదంగా మారితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

23 జాతులను నిషేధించాలంటూ 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖలో మాలినోయిస్ లేదు. ఆ లేఖనూ ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. జీహెచ్‌ఎంసీ లైసెన్సు మాత్రం తప్పనిసరి. దానికి రేబిస్ టీకా సర్టిఫికెట్ చూపాలి.

ఇవన్నీ చూశాక కూడా కొనాలనే ఉంటే బ్రీడర్‌ను రెండు అడగండి: రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్, పిల్ల పుట్టిన తేదీ. 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.