ఎద్దుల ఆవుల గుండు చెప్పేదెంత?

కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర పెద్ద పెద్ద గుండ్లున్నాయి. వాటిలో ఒకదాన్ని అక్కడి జనం ఎద్దుల ఆవుల గుండు అంటారు. వాన తగలని రాతి వాలు కింద మూపురమున్న ఎద్దు, జింకలు, మనుషుల బొమ్మలు కనిపిస్తాయి. ఎక్కువ బొమ్మలు ఎర్ర జేగురుతో వేసినవి, కొన్ని తెల్లవి. ఎర్రవాటిలో పాతవి మధ్యరాతియుగం నాటివంటారు పండితులు. జేగురులో రంగునిచ్చేది తుప్పులోని ఇనుమే. అందుకే ఆకుపసర్ల రంగులా అది ఇట్టే వెలిసిపోదు.

అక్కడికి దగ్గర్లోనే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుల శాసనం ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిది. దొరికినంతలో తొలి తెలుగు శాసనమని పేరు. మన భాషే, అయినా ఆ రాయి ముందు నిలబడితే మనలో ఎక్కువమందికి ఒక్క ముక్క బోధపడదు. పాత లిపి నేర్చినవాళ్లు విడమర్చి చెప్పాలి. గుండు మీది ఎద్దుకు అలాంటి సాయం అక్కర్లేదు. మూపురం ఒంపు, కొమ్ముల వాటం చూస్తే చాలు, బడి మొహం చూడని పిల్లాడైనా గుర్తుపడతాడు.

అలాగని కళ విశ్వభాష అని సభల్లో అనేసే మాట పూర్తిగా నిజం కాదు. 1879లో స్పెయిన్‌లోని అల్తమిరా గుహలో పైకప్పు మీది బొమ్మల్ని మొదట చూసింది మారియా అనే చిన్నపిల్ల. ఎడ్లు అనుకుంది. నిజానికి అవి బైసన్లు, అంటే అడవి దున్నల జాతి. ఆదిమానవుడు ఇంత బాగా గీయగలడా అని పెద్ద పెద్ద పండితులు ఇరవై ఏళ్లకు పైగా నమ్మనేలేదు. పిల్లే నయం!

బొమ్మ "ఏమిటి" అన్నది చెబుతుంది, "ఎందుకు" అన్నది చెప్పదు. సంక్రాంతి వెళ్లేనాడు చాలా ఊళ్లలో రథం ముగ్గు వేసి, దాని తాడును పక్కింటి ముగ్గుకు కలుపుతారు. పరాయి దేశపు మనిషికి రథం తెలుస్తుంది, పండగను సాగనంపుతున్నామన్న సంగతి తెలియదు. అడిగితే ఆ ఇంటి అవ్వ చెబుతుంది. చింతకుంట ఎద్దు మొక్కుబడో, వేడుకో, మంద లెక్కో చెప్పేందుకు అలాంటి అవ్వ ఎవరూ మిగల్లేదు. మిగిలింది బొమ్మే.

చూడబోయేవాళ్లకు ఒక్క మనవి. ఫొటోలో రంగు బాగా పడాలని ఆ బొమ్మల మీద నీళ్లు చల్లకండి. తడి ఆరేటప్పుడు రాతిలోని లవణాలు పైకొచ్చి పొరకడతాయి, బొమ్మ మసకబారుతుంది.