బుర్ర అలిసిపోయిన రోజు ఇల్లు నడిపేదెలా?

కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క మర్చిపోవడం, ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశామో గుర్తురాక నిలబడిపోవడం ఎప్పుడో ఒకసారి అందరికీ జరిగేవే. కానీ కొందరు ఇల్లాళ్లకి ఇది రోజూ జరుగుతుంది. పక్కగదిలో టీవీ మోగుతుంటే ఎదురుగా ఉన్న మనిషి మాట బుర్రకెక్కదు. పోపులో ఎండుమిరపకాయ వేగిన ఘాటుకి తల దిమ్మెక్కిపోతుంది. "ఈ పూట కూరేంటి?" అని ఎవరైనా అడిగితే జవాబు తోచక ఏడుపొచ్చినంత పనవుతుంది.

కీళ్లవాతం, లూపస్, మైగ్రేన్ లాంటి ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బులున్న వాళ్లలో చాలామందికి ఈ అనుభవం కొత్త కాదు. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి పదకొండేళ్లయింది. కీళ్ల నొప్పి ఎలా ఉందని అందరూ అడుగుతారు, ఎందుకంటే వాచిన వేళ్లు కంటికి కనబడతాయి. బుర్ర అలసట కనబడదు. అందుకే దానికి బద్ధకం, పరధ్యానం, చిరాకు అని పేర్లు పెట్టేస్తారు. పెట్టేవాళ్లు పెట్టనివ్వండి. మనకి మనం మాత్రం ఆ పేర్లు పెట్టుకోకూడదు. అది జబ్బులో ఒక భాగం. దానికీ ఉపాయాలున్నాయి.

ఎందుకిలా అవుతుంది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. రోగాలనుంచి మనల్ని కాపాడవలసిన శక్తే దారితప్పి మన కీళ్లమీద పడుతుంది. ఆ పోరాటంలో ఒంట్లో పుట్టే రసాయనాలు కీళ్ల దగ్గరే ఆగవు, మెదడు మీదా పనిచేస్తాయి. వైరల్ జ్వరం వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. లైటు వేస్తే కళ్లు మూసుకుంటాం, గిన్నె చప్పుడైతే విసుక్కుంటాం, ఎవరూ పలకరించకపోతే బావుండుననిపిస్తుంది. జ్వరం నాలుగు రోజుల్లో పోతుంది. మన జబ్బు పోదు కనుక, అదే అవస్థ కొంచెం తక్కువ మోతాదులో వెంటే ఉంటుంది. దానికి తోడు నొప్పితో రాత్రి నిద్ర సరిగా ఉండదు.

మామూలుగా మన మెదడు జల్లెడలా పనిచేస్తుంది. ఫ్యాను చప్పుడు, వీధిలో హారన్లు జల్లించి పక్కన పెట్టి, అవసరమైన మాటనే లోపలికి పంపిస్తుంది. అలిసిపోయిన మెదడుకి ఆ జల్లించే ఓపిక ఉండదు, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి. కొంతమందికి కీళ్లవాతంతో పాటు ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లునొప్పుల జబ్బు కూడా ఉంటుంది. వాళ్లకి శబ్దం, వెలుతురు, వాసన మరీ భరించలేనట్టుంటాయి.

చెంచాల లెక్క

2003లో క్రిస్టీన్ మిసెరాండినో అనే అమెరికా ఆవిడ, లూపస్ ఉన్న మనిషి, తన స్నేహితురాలికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక హోటలు బల్లలమీద చెంచాలన్నీ పోగుచేసి ఆమె చేతిలో పెట్టింది. "ఈ రోజుకి నీ ఓపిక ఇంతే. ప్రతి పనికీ ఒక చెంచా ఇచ్చెయ్యాలి" అంది. స్నానానికొకటి, బట్టలు కట్టుకోవడానికొకటి పోగా, సాయంత్రానికి చేతిలో ఒక్కటే మిగిలింది. ఈ చెంచాల లెక్క ఇప్పుడు ఎన్నో దేశాల్లో రోగులు చెప్పుకుంటున్నారు.

మన ఇళ్లకి వచ్చేసరికి నేను దీనికి ఇంకొకటి కలుపుతాను. చెంచాలు తీసుకునేవి పనులొక్కటే కాదు. గంటసేపు మోగిన టీవీ ఒక చెంచా. "ఏం వండాలి, ఏం కట్టాలి, ఎంతివ్వాలి" అని తేల్చే ప్రతి నిర్ణయమూ ఒక చెంచా. "కూర్చునే కదా ఉన్నావు, అలసటేమిటి?" అనేవాళ్లకి తెలియనిది ఇదే. కనుక పని తగ్గించుకోలేని రోజున కూడా చప్పుడు, నిర్ణయాలు తగ్గించుకుంటే కొన్ని చెంచాలు మిగులుతాయి.

ఎక్కడెక్కడ మిగల్చవచ్చు?

మిక్సీ: రోజుకి నాలుగుసార్లు వేసేబదులు, ఓపికున్న పూట అల్లంవెల్లుల్లి, పచ్చడి, కొబ్బరి అన్నీ ఒకేసారి తిప్పేసుకోండి. మిక్సీ కింద మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేస్తే మోత తగ్గుతుంది. గాలి ఆడే కన్నాలకి మాత్రం తువ్వాలు అడ్డు రాకూడదు.

ఘాటు: పోపు పెట్టేముందే కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యండి. దాని చప్పుడు పడకపోతే పోపు అవగానే కట్టేయండి. నాఫ్తలిన్ ఉండలు, ఘాటైన అగరొత్తులు తలనొప్పి తెస్తుంటే దేవుడి దగ్గర దీపం చాలు.

వెలుతురు: మిణుకుమిణుకుమనే పాత ట్యూబులైటు మార్చేయండి. మధ్యాహ్నం ఎండ నేరుగా కళ్లలో పడేచోట ఒక పాత చీర కర్టెనుగా కట్టినా సరిపోతుంది.

నిర్ణయాలు: సోమవారం పప్పు, మంగళవారం వేపుడు, బుధవారం పులుసు... ఇలా వారానికి సరిపడా కాగితం రాసి వంటింట్లో అంటించండి. "ఏం కూర?" అని అడిగినవాళ్లని ఆ కాగితం చూడమనండి.

విశ్రాంతి: పడిపోయేదాకా చేసి పడుకోవడం కాదు. ఇంకా ఓపిక ఉండగానే, పని మధ్యలో పది పదిహేను నిమిషాలు గది చీకటి చేసుకుని పడుకోండి. ఫోను చూస్తూ పడుకుంటే అది విశ్రాంతి కాదు, బుర్రకి మళ్లీ పనే.

మందుల షాపుల్లో చెవుల్లో పెట్టుకునే మెత్తటి స్పాంజి బిరడాలు దొరుకుతాయి. పెళ్లి బాజాలప్పుడు, దీపావళి రాత్రి బాగా ఉపయోగపడతాయి. రోజంతా పెట్టుకుంటే మాత్రం చెవి దానికి అలవాటుపడి, తీసేశాక చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. స్టవ్ వెలుగుతున్నప్పుడు అసలు వద్దు.

గ్యాసు, మందులు జ్ఞాపకానికి వదలకండి

స్టవ్ వెలిగించగానే ఫోనులో అలారం పెట్టడం అలవాటు చేసుకోండి. పాలు పొయ్యిమీద ఉంటే అక్కడినుంచి కదలొద్దు. మందులకి వారం పేర్లు రాసిన డబ్బా కొనుక్కోండి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అది వేసుకునే వారం ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. అది వేసుకున్న మర్నాడు చాలామందికి నీరసంగా ఉంటుంది కనుక ఆ రోజుకి పెద్ద పనులు పెట్టుకోకండి.

ఇంట్లోవాళ్లకి చెప్పేదెలా?

బుర్ర అలిసిపోయినప్పుడు వివరంగా చెప్పే ఓపిక ఉండదు, చెప్పబోతే అది విసుగులా వినిపిస్తుంది. అందుకని బాగున్న రోజే చెప్పుకోవాలి. మా ఇంట్లో వంటింటి గట్టుమీద ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. పొద్దున్నే ఆ రోజు ఓపికని బట్టి అందులో చెంచాలు వేస్తాను, అయిపోయినకొద్దీ తీసేస్తాను. కాలేజీనుంచి వస్తూనే మా అమ్మాయి గ్లాసు వంక చూస్తుంది. మొదట్లో మా అత్తగారు "మా కాలంలో ఈ చెంచాలేం లేవమ్మా" అన్నారు. ఇప్పుడు గ్లాసులో రెండే కనబడితే టీవీ సౌండు ఆవిడే తగ్గిస్తారు.

పెళ్లిళ్లకి వెళ్లడం మానేయకండి, మనుషులు దూరమైపోతారు. ముహూర్తానికి వెళ్లి, అక్షింతలు వేసి, స్పీకర్లకి దూరంగా ఉన్న వరసలో కూర్చుని రండి. "ఒక గంట ఉంటాను వదినా, ఏమనుకోకు" అని ముందే చెబితే ఎవరూ తప్పు పట్టరు.

డాక్టరుకి ఏం చెప్పాలి?

"నీరసంగా ఉందండీ" అంటే ఒక టానిక్కు రాసి పంపించేస్తారు. "మాట మధ్యలో పదం దొరకడం లేదు, చప్పుడు భరించలేకపోతున్నాను, పదిన్నరకల్లా ఓపిక అయిపోతోంది" అని విడమరచి చెప్పండి. రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాసుకుని వెళ్తే ఇంకా మంచిది. అన్నీ పాత జబ్బు మీదకే నెట్టకండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం కూడా ఇలాగే చేస్తాయి. రక్తపరీక్షతో తేలిపోతుంది, మందులూ ఉన్నాయి.

కీళ్లవాతం వాళ్లకి రోజూ మెల్లగా నడవడం అలసటని తగ్గిస్తుంది. కోవిడ్ తర్వాత నెలల తరబడి తగ్గని నీరసం ఉండి, కాస్త శ్రమపడితే మర్నాడు మంచం పట్టేవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా వ్యాయామం పెంచకూడదు.

ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యి కాలు పట్టుతప్పినా అది అలసట కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దేనిమీదా ఆశ లేకుండా దిగులుగా ఉంటే ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఓపిక లేని రోజుకి పులగం

ఒక గ్లాసు బియ్యం, అరగ్లాసు పెసరపప్పు కడిగి కుక్కర్లో వేసి, నాలుగున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, సరిపడా ఉప్పు వేయండి. నాలుగు విజిల్స్ రానిచ్చి దింపండి. లెక్క తప్పి అయిదొచ్చినా నష్టం లేదు, ఇంకాస్త మెత్తబడుతుంది. పోపు అక్కర్లేదు, మిక్సీ అక్కర్లేదు. నెయ్యి వేసుకుని, జాడీలో ఉన్న ఏ ఊరగాయతోనైనా తినొచ్చు. నలుగురికి సరిపోతుంది. వడ్డించే పని పిల్లలకి అప్పజెప్పి, మీరూ వాళ్లతోపాటే కూర్చుని తినండి.