మేడ ఎక్కే సర్వర్లు, శ్లాబు మోసే బరువు

శబరి నది ఒడ్డున ఉన్న కొంటాలో కంప్యూటర్ల గదిని కింది అంతస్తులో పెట్టాలంటే ఎవరైనా వెనకాడతారు. గోదావరి పోటెత్తితే, కూనవరం దగ్గర అందులో కలవాల్సిన శబరి ముందుకు సాగలేక ఎగదన్నుతుంది. ఆ నీరు కొంటాను ముంచెత్తుతుంది. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన వరదలను ఈ నదీతీరం మరిచిపోలేదు. అందుకే బ్యాంకుకైనా ఆసుపత్రికైనా తహసీలు కచేరీకైనా సర్వర్లు మేడ మీద ఉండాలనుకోవడం సబబే. నా అభ్యంతరమల్లా బరువు లెక్క చూడకుండా ఎక్కించడం మీదే.

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం శ్లాబు సొంత బరువు కాక అదనంగా మోయాల్సింది ఇళ్లలో చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, మామూలు ఆఫీసు గదుల్లో 250, కంప్యూటర్ యంత్రాల గదుల్లో 350. ఇప్పుడు సర్వర్లను అమర్చే ర్యాకు సంగతి చూద్దాం. 60 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉన్న నిలువెత్తు ర్యాకులో సర్వర్లు నింపితే 600 కిలోలు తూగడం విడ్డూరమేమీ కాదు. అది నిలబడే చోటు 0.6 చదరపు మీటరే, అంటే చదరపు మీటరుకు 1000 కిలోలు. ముందూ వెనకా మనిషి తిరగడానికి వదిలే జాగాలో దాని వంతు కూడా కలిపి 1.25 చదరపు మీటర్లుగా లెక్కించినా 480 దగ్గర తేలుతుంది. ఇల్లుగా కట్టి ఆఫీసుకు అద్దెకిచ్చిన మేడకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ. పైగా ఈ బరువంతా నాలుగు చక్రాల మీదే, ఒక్కోదాని కింద 150 కిలోలు పడుతుంది. టైల్సు ముందు పగిలేది అక్కడే. కరెంటు నమ్మకంగా ఉండని చోట యూపీఎస్ బ్యాటరీల బరువు మరీ పట్టించుకోవాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ ఒక్కటే సుమారు 30 కిలోలు. ఇరవై పెడితే మరో ర్యాకంత బరువు, ఇనుప స్టాండు అదనం. ర్యాకును తూచినవాళ్లు కూడా వీటిని మరిచిపోతుంటారు.

పెళ్లికి మేడ మీద వందమంది ఎక్కినా ఏమీ కాలేదు కదా అంటారు. ఆ జనం గదంతా పరుచుకుని నిలబడి, సాయంత్రానికి దిగిపోతారు. ర్యాకు అదే చోట ఏళ్ల తరబడి ఉంటుంది. కదలని బరువు కింద కాంక్రీటు మెల్లమెల్లగా వంగుతుంది. డిజైనులో ఒకటిన్నర రెట్ల భద్రత ఉంటుందిగా అనే మాటలో నిజం లేకపోలేదు. కానీ అది బరువు అంచనాలో, డిజైను లెక్కల్లో, కట్టడంలో జరిగే తేడాపాడాల కోసం ఉంచిన పూచీ. సామానుకు వాడేసుకుంటే వాటికి మిగలదు. ఇక మాది చిన్న ఆఫీసు, గోడకు బిగించిన చిన్న పెట్టె, ఒక సర్వరు చాలు అనేవాళ్లకు నిజంగా బెంగ అక్కర్లేదు. బ్యాటరీలను మాత్రం ఒకేచోట పేర్చకుండా ఉంటే చాలు.

మిగతావాళ్లు ముందు కట్టడం నక్షా తీయించాలి. శ్లాబు మందమెంత, ఊచలు ఎలా వేశారు, బీములు ఎటు పోతున్నాయి అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి, మేస్త్రీ మాట మీద తేల్చే విషయం కాదు. ర్యాకును గది నడిమధ్య కాక బీము మీద, పిల్లరుకు దగ్గరగా నిలిపి, చక్రాల కింద రెండు బీములను కలుపుతూ ఇనుప చానెళ్లు వేస్తే బరువు శ్లాబు మీద కాక బీముల మీదికి పోతుంది. ఆ బీములు మోస్తాయో లేదో కూడా ఆ ఇంజనీరే చెప్పాలి. నక్షా దొరక్కపోతే, అనుమానం తీరకపోతే, కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456లో బరువు పరీక్ష ఉంది. శ్లాబు మోయాల్సిన అదనపు బరువుకు ఒకటింపావు రెట్లు పెట్టి 24 గంటలుంచుతారు. తీసేశాక మరో 24 గంటల్లో వంగినదాంట్లో కనీసం 75 శాతం తిరిగి లేవాలి. ఇంజనీరు దగ్గరుండి, కింద ఆసరాలు పెట్టించి చేయించాల్సిన పరీక్ష ఇది, ర్యాకు మెట్లెక్కకముందే.