కుదించిన జీర్ణకోశానికి కూటి లెక్క

ఒక పూట భోజనంలో మనం తినే అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ అన్నీ కలిపి ఒక కొలపాత్రలో పోసి చూస్తే ఎంత ఉంటుంది? సుమారు ఒక లీటరు. జీర్ణకోశం ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకొని గుప్పెడంత ఉంటుంది. తినేకొద్దీ సాగి, లీటరు మొదలు లీటరున్నర వరకు పదార్థాన్ని పట్టుకోగలదు. అటువంటి జీర్ణకోశాన్ని శస్త్రచికిత్సతో పదోవంతుకు, లేదా అంతకన్న తక్కువకు కుదిస్తే, ఆ మనిషి ఏమి తినాలి?

ఈ ప్రశ్న నన్ను అడిగినవారు మా కళాశాలలో గణితం బోధించే ఒక మిత్రులు. అతిస్థూలకాయంతో, దానివెంట వచ్చిన మధుమేహంతో చాలకాలం బాధపడి, వైద్యుల సలహాపై ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారు. "అన్నం ముట్టవద్దని ఒకరు, మెత్తటి అన్నమే మంచిదని మరొకరు అంటున్నారండీ. వైద్యులిచ్చిన కాగితంలో ఏ వారం ఏమి తినాలో ఉన్నది గాని, ఎందుకో లేదు. జీవశాస్త్రం చెప్పేవారు గదా, మీరు చెప్పండి మాస్టారూ!" అన్నారు. గణితంవారు గనుక లెక్కతోనే మొదలుపెట్టాము.

లెక్కకు ముందు, లోపల ఏమి మారిందో తెలియాలి. ఈనాడు ఎక్కువగా చేస్తున్న శస్త్రచికిత్సలు రెండు. మొదటిదానిలో జీర్ణకోశపు వెలుపలి వంపును నిలువుగా కోసి తీసివేస్తారు. సుమారు నాలుగింట మూడు వంతులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, పోయి చొక్కా చేతివలె సన్నని గొట్టం మిగులుతుంది. రెండవదానిలో జీర్ణకోశం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, చిన్నప్రేగును కొంత దూరంలో ఖండించి, ఆ సంచికి కలుపుతారు. తిన్న ఆహారం మిగతా జీర్ణకోశాన్నీ, చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలాన్నీ తాకకుండా పక్కదారిన పోతుంది. ఈ పక్కదారి పద్ధతిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, ఇటో అనే వైద్యులు ప్రారంభించారు. జీర్ణకోశంలో పుండ్ల కోసం కొంత భాగం తీసివేసిన రోగులు మళ్ళీ బరువు పెరగలేకపోవడం మేసన్‌కు ఈ ఆలోచన కలిగించింది. మా మిత్రులకు చేసినది ఈ రెండవ విధానమే.

ఇక లెక్క. జీర్ణకోశం చిన్నదయింది గాని, దేహానికి కావలసిన మాంసకృత్తులు తగ్గలేదు. బరువు వేగంగా తగ్గేటప్పుడు కొవ్వుతోబాటు కండరం కూడ కరగబోతుంది. దానిని నిలుపుకోవాలి, కోసిన చోట మానాలి. అందుచేత రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని వైద్యులు చెబుతారు. కొన్ని నెలలు గడిచి, సంచి కొద్దిగా సాగి, పూటకు 100 గ్రాముల ఆహారం పడుతున్నదనుకుందాం. రోజుకు ఐదు పూటలు. మొత్తం 500 గ్రాములు.

100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు. వండితే నీరు పీల్చి మూడు రెట్లవుతుంది గనుక, 100 గ్రాముల అన్నంలో మిగిలేవి రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. ఐదు పూటలూ అన్నమే తింటే వచ్చేవి 13 గ్రాములు! పెసరపప్పులో 100 గ్రాములకు 24 గ్రాములు ఉంటాయి. అదీ గట్టిగా వండితే మూడు రెట్లవుతుందనుకుంటే, 100 గ్రాముల ముద్దపప్పులో 8 గ్రాములు. పలుచని చారులో ఉండేవి లెక్కకు రావు. కోడిగుడ్డు ఒకటికి 6 గ్రాములు. ఇటువంటి పట్టికలను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించింది. విద్యార్థులు తమ ఇంటి వంటకాలకు ఈ లెక్క కట్టి చూడవచ్చు.

మా మిత్రులు నల్లబల్లమీద వేసిన ఒక రోజు లెక్క ఇది: రెండు ఉడికిన గుడ్లు 12; చేప ముక్కలు 75 గ్రాములు, 15; ముద్దపప్పు ఒక పూట 8; పనీరు 50 గ్రాములు, 9; గుడ్డలో కట్టి నీరు పిండిన పెరుగు 100 గ్రాములు, 8; మధ్యలో గ్లాసు పాలు 6. మొత్తం 58. అన్నానికి మిగిలిన చోటు రెండు మూడు చెంచాలు. శాకాహారులు గుడ్లకు, చేపకు బదులు మీల్ మేకర్ వాడవచ్చు. దాని ఎండు బరువులో సగానికి పైగా మాంసకృత్తులే గనుక 25 గ్రాములతో 13 గ్రాములు వస్తాయి. అయినా వారికి లెక్క కొంత కష్టంగానే కుదురుతుంది. ఏమీ పట్టని మొదటి నెలల్లో ఎవరికైనా పాలలో కలిపే మాంసకృత్తుల పొడి తప్పదు.

అన్నం విషంకాదు. మన విస్తరిలో అన్నం రాశిగా పోసి, పప్పును దానికి ఆధరువుగా వేసుకుంటాము. ఇక్కడ ఆ వరుస తలక్రిందులు కావాలి. ముందు పప్పో గుడ్డో చేపో, పిమ్మట కూర, చోటుంటే అన్నం. నీరు భోజనంతోబాటు త్రాగకూడదనడం కూడ ఈ చోటు కోసమే. తిన్న తరువాత అరగంట ఆగి, రోజంతా గుక్కెడు గుక్కెడుగా లీటరున్నరకు తగ్గకుండా త్రాగాలి.

మొదటి కొన్ని వారాలు ద్రవాలు, తరువాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తనివి, సుమారు రెండు నెలలకు మామూలు ఆహారం అనే క్రమం కుట్లు మానడానికి ఏర్పరచినది. అందులో తమకు తోచిన మార్పులు చేసుకోరాదు.

తీపి విషయం వేరు. జీర్ణకోశం చివర ఒక కవాటం ఉండి, లోపలి పదార్థాన్ని కొద్దికొద్దిగా ప్రేగులోకి వదులుతుంది. పక్కదారి పద్ధతిలో ఆ కవాటానికి పని లేదు. పాయసం త్రాగితే చక్కెర అంతా ఒక్కసారిగా ప్రేగులో పడుతుంది. ఎండుద్రాక్షను నీటిలో వేస్తే ఉబ్బడం మీరు తరగతిలో చూసి ఉంటారు. ఆ ద్రవాభిసరణమే ఇక్కడా జరిగి, రక్తంలోని నీరు చక్కెర ఉన్న ప్రేగులోకి చేరుతుంది. 10 నుంచి 30 నిమిషాలలో కడుపునొప్పి, గుండెదడ, చెమట, విరేచనం. అంతటితో ఆగక, వేగంగా రక్తంలో కలిసిన చక్కెరకు ఇన్సులిన్ అతిగా ఊరి, ఒకటి నుంచి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మా మిత్రులు సంక్రాంతికి రెండు అరిసెలు తిని ఈ రెండు అంకాలూ అనుభవించారు.

ఇంతవరకు చెప్పినవి తప్పితే దేహం వెంటనే హెచ్చరిస్తుంది. హెచ్చరించకుండా వచ్చే లోపాలు రెండున్నవి. ఒకటి వారాలలో, ఇంకొకటి సంవత్సరాలలో బయటపడుతుంది.

వారాలలో వచ్చేది థయమిన్ అనే బి1 విటమిను లోపం. మన దేహంలో దీని నిలువ రెండు మూడు వారాలకు మించదు. ఇది తెలుగువారికి పాత శత్రువే. మరలో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే ముఖ్యాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి స్థిరంగా ఉండేది. పైన చెప్పిన పోషకాహార సంస్థ కూడ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం ఒక చిన్న గదిలో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చినదే. శస్త్రచికిత్స తరువాత కొందరికి వాంతులు పట్టుకుంటాయి. నాలుగు రోజులు ఏమీ ఇమడకపోతే నీరసమని గ్లూకోజు ఎక్కించడం మన ఊళ్ళలో అలవాటు. కాని దేహం గ్లూకోజును వాడుకోవడానికి థయమిన్ కావాలి. ఉన్న కొద్దిపాటి నిలువ కూడ గ్లూకోజుతో ఖర్చయిపోతే మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తికమక కావడం దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. కనుక వాంతులతో ఏ వైద్యుని దగ్గరకు పోయినా, తనకు ఫలానా శస్త్రచికిత్స జరిగినదని ముందుగా చెప్పాలి. గ్లూకోజుకు ముందు థయమిన్ ఇవ్వవలసి ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఇంట్లోవారికి కూడ తెలిసి ఉండాలి.

సంవత్సరాలలో వచ్చేది బి12 లోపం. 1929లో విలియం కాజిల్ అనే బోస్టను వైద్యుడు దీని రహస్యం కొంత బయటపెట్టాడు. ఒక విధమైన ప్రాణాంతక రక్తహీనత గల రోగులకు పదిరోజులు గొడ్డుమాంసం తినిపిస్తే గుణం కనబడలేదు. అదే మాంసాన్ని ఆయన తాను తిని, గంటసేపు తన జీర్ణకోశంలో ఉండనిచ్చి, వెలికి తీసి గొట్టం ద్వారా రోగులకు ఎక్కిస్తే రక్తం వృద్ధి అయింది. వినడానికి రోతగా ఉన్నా, ఆరోగ్యవంతమైన జీర్ణకోశం ఏదో ఒక పదార్థాన్ని ఊరుస్తుందని, అది లేనిదే ఆహారంలోని సారం వంటపట్టదని అలా తేలింది. ఆ సారమే తరువాత బి12గా గుర్తింపబడింది. జీర్ణకోశాన్ని కోసివేసినా, పక్కకు తప్పించినా ఆ సహాయ పదార్థమూ, ఆమ్లమూ ఆహారానికి చాలినంత అందవు. అయితే కాలేయంలో బి12 నిలువ కొన్ని సంవత్సరాలకు సరిపోతుంది. బరువు తగ్గి, మధుమేహం అదుపులోకి వచ్చి, "ఇక మాత్రలెందుకు?" అనుకునే రోజుల్లోనే అది అడుగంటుతుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కడం ఒక గుర్తు. రక్తం తక్కువైనదని ఫోలికామ్లం మాత్రమే మింగితే రక్తం బాగుపడినట్లు కనబడుతుంది, లోపల నరాలు చెడిపోతూనే ఉంటాయి. కాబట్టి బి12ను మాత్రగానో, నెలకొక ఇంజెక్షనుగానో జీవితాంతం తీసుకోవాలి. ఏడాదికొకసారైనా రక్తపరీక్ష చేయించాలి.

ఇనుము, కాల్షియం ఎక్కువగా పీల్చుకునే చోటు ఆంత్రమూలం. అది తప్పిపోయింది గనుక వీటికీ మాత్రలు కావాలి. రెంటినీ ఒకేసారి వేసుకుంటే ఒకదానికొకటి అడ్డు. రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్ర వేసుకొని టీ త్రాగితే ఆ మాత్ర చాలవరకు వృథా. కాల్షియంలో సిట్రేటు రకం మేలు, ఎందుకంటే కార్బొనేటు కరగడానికి ఆమ్లం కావాలి. ఇది రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకు తెలిసిన సంగతే.

మా మిత్రులు మొన్న ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చున్నారు. వడ్డించే కుర్రవాడు అన్నం తెస్తే చేయి అడ్డం పెట్టి, పప్పు, పనీరు కూర వేయించుకుని, చెంచాతో ఇరవై నిమిషాలు తిన్నారు. "బాబాయిగారూ, ఉత్త పప్పు తింటున్నారేమండీ!" అని ఆ కుర్రవాడు ఆశ్చర్యపోయాడు. ఆయన నవ్వి, జేబులోనుంచి చిన్న చీటీ తీసి, పప్పుకు ఎదురుగా 8 అని వేసుకున్నారు.